మంచు వేటకు నిషేధకాలం

నమోదు 1. బస్సు ఆగిన చోటు

డెబ్బయ్యేళ్ళు దాటినవాళ్ళు ఒంటరిగా ఊళ్ళు తిరిగితే మజిలీ మజిలీకీ నోటితో నమోదు చేయించాలని ప్రయాణాలవాళ్ళ నియమం. చేయించకపోతే మరమోకాళ్ళు బిగుసుకుపోతాయి. కాళ్ళకు తొడుక్కున్న యంత్రం నోరు విప్పమంటుంది, విప్పకపోతే అడుగు వెయ్యనివ్వదు. ఈ ఏర్పాటు ఆలోచించిన పిల్లవాడికి ఇంట్లో ఒక నాయనమ్మ ఉండి ఉంటుంది. ఆవిడతో వాడికి పడి ఉండదు.

సరే, చెబుతున్నాను, రాసుకోండి.

పేరు హన్విక. మా తరం మామ్మల పేర్లన్నీ ఇంతే: హన్వికలు, జస్వితలు, శాన్వికలు. పాతకాలపు పేర్లన్నీ మా మనవలు ఎగరేసుకుపోయారు. మా మనవరాలు సూరమ్మ, దాని మొగుడు పిచ్చయ్య. వృత్తి: కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రిటైరయ్యాక కూడా చెప్పడం ఆపలేదని ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు. అందుకే ఊళ్ళమీద పడ్డాను. సామాను: వీపున సంచి. అందులో రెండు జతల బట్టలు, ఉన్ని శాలువా, వేడినీళ్ళ ఫ్లాస్కు, కరివేపాకు కారం, ఒక మెత్తటి ప్లాస్టిక్ సీసా. ఇలాంటి సీసాలు ఇప్పుడు తయారు చెయ్యడం లేదు. ఇది మా ల్యాబు నుంచి నాతోబాటే రిటైరైంది.

చేరిన ఊరు ఎగువపాలెం. మేఘాలకంటే ఎత్తున ఉన్న ఎడారి. ఆకాశం సిరా ఒలికినట్టుంది. కొండలన్నీ కాల్చిన ఇటుక రంగు. చెట్టన్న మాట లేదు. ప్రతి ఇంటి కప్పూ బోర్లించిన పడవలా ఉందే అనుకుని దగ్గరికెళ్ళి చూస్తే, బోర్లించిన పడవే.

"దిగువపాలెం నుంచి మోసుకొచ్చేరండి మావాళ్ళు," అంది నన్ను తీసుకెళ్ళడానికి ఆటోతో వచ్చిన మనిషి. "ఆ ఊరు ఇప్పుడు సముద్రంలో ఉందండి. పడవలు వదిలేసి రావడానికి మనసొప్పక నెత్తిమీద పెట్టుకున్నారు. మీరేనా మామ్మగారూ, ఒక్కరోజు విహారం?"

"ఒక్కరోజే. నచ్చితే రెండు."

"రెండోరోజుకి నీళ్ళు లేవండి," అని నవ్వింది. ఆ నవ్వు నోటి దగ్గరే ఆగిపోయింది.

పేరు నాంచారమ్మ. ముప్పై దాటి ఉంటుంది. నడుంకి తాడు, చెవికి వెండిపోగు. ఈ ఊరి వలపెద్ద. అంటే ఊరి వలలన్నీ ఆమె చేతికింద ఉంటాయట. అంత పెద్దమనిషి ఆటో తోలుతుందేమని అడిగాను. "ఈ ఏడు అందరం అన్ని పనులూ చేస్తన్నామండి," అంది.

కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళివ్వడం మర్యాద. ఈ ఊళ్ళో దానికి బదులు తడిగుడ్డ ఇస్తారని పర్యాటక పత్రంలో చదివాను. నాకిచ్చిన గుడ్డ ఆ మర్యాదను గుర్తుచేసేంత తడిగా ఉంది, అంతే.

మోకాళ్ళ ఆఖరి ప్రశ్న: ఈ మజిలీలో ఏమైనా తీసుకున్నారా? పర్యాటకులు రాళ్ళూ రప్పలూ ఎత్తుకుపోతారని ప్రతిచోటా ఇదే అడుగుతాయి.

ఊపిరి తీసుకున్నాను. అదీ సరిగ్గా అందలేదు.

నమోదు 2. వలల గట్టు

విహారంలో మొదటిది ఇదే. ఊరికి ఎగువన కొండ వెన్ను పొడుగునా వలలు. స్తంభానికీ స్తంభానికీ మధ్య రెండంతస్తుల మేడంత ఎత్తున, దోమతెర కన్నా సన్నటి కన్నులతో వేలాడుతున్నాయి. సాయంత్రం కింద లోయలోంచి పొగమంచు ఎక్కి వస్తుంది. వలకు తగిలి బొట్టు కడుతుంది. బొట్లు జారి కింద గాడిలోకి, గాడిలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి ఊరి తొట్టిలోకి. ఈ ఊరు తాగేదీ వండేదీ ఆ తొట్టిలో నీళ్ళే.

"చేపలు పోయేయి గాని వల వెయ్యడం పోలేదు కదండీ," అంది నాంచారమ్మ. "మాకొచ్చిన విద్య అదొక్కటే."

చక్కని మాట. పర్యాటకులందరికీ చెబుతుందని తెలుస్తూనే ఉంది. నేను మాత్రం వంగి గాడిలో చెయ్యిపెట్టి చూశాను. నిన్నటి వేట మొత్తం నా వేలి కొన తడవడానికి సరిపోయింది.

"ఇంతేనా?"

"ఈమధ్య ఇంతేనండి."

గాడి పక్కన ఒక ముసలాయన కూర్చుని వల అల్లుతున్నాడు. నా వయసే ఉంటుంది. నాంచారమ్మ తాతట, ఆమెకు ముందు వలపెద్ద. పేరడిగితే రిత్విక్ అన్నాడు. మా బడిలో రిత్విక్‌లు నలుగురుండేవారు, నలుగురూ నా హోంవర్కు చూసి రాసుకున్నవాళ్ళే. వెంటనే ఆప్యాయంగా అనిపించింది.

"టీచరుగారూ," అన్నాడాయన, నా సంగతి ఎలా కనిపెట్టాడో. "ఆ అమ్మాయికి చెప్పండి, మూడో వల పైతాడు వదులైందని."

ఆ అమ్మాయి ఆయనకు బారెడు దూరంలో ఉంది.

"తాతకి చెప్పండి మామ్మగారూ, పొద్దున్నే బిగించేనని."

"బిగించేను అన్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చని చెప్పండి."

నేను ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. ఏమిటీ సంగతని అడిగాను. నాంచారమ్మే చెప్పింది. సముద్రం ఒడ్డున ఉన్నరోజుల్లో ఎండాకాలం రెండు నెలలు వేట నిషేధం ఉండేది. చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవలు ఒడ్డుకు లాగేసేవాళ్ళు. కొండెక్కాక కూడా వీళ్ళ తాతలు ఆ నిషేధం మానలేదు. ఏటా అదే రెండు నెలలు వలలన్నీ దింపేసి, దాచుకున్న నీళ్ళతో సరిపెట్టుకుని, నాలుక ఎండగట్టుకుని కూర్చునేవాళ్ళు.

నేను ఆగలేకపోయాను. "మంచు గుడ్లు పెడుతుందా ఏమిటి?"

"చూసేవా తాతా!" అని నాంచారమ్మ చప్పట్లు కొట్టింది. తాతతో మాట్లాడకూడదన్న సంగతి గుర్తొచ్చి నావైపు తిరిగింది. "నేనూ ఇదే మాట అడిగేనండి కూటంలో. ఒక్కళ్ళు జవాబు చెప్పలేదు. పోయినేడు వలపెద్దని అవగానే నిషేధం ఎత్తేయించేను. ఆ వేసవి తొట్టి పొర్లిందండి! పిల్లలు నీళ్ళలో ఆడేరు."

"మరి ఇప్పుడు?"

"కార్తీకం నుంచి తగ్గిపోయింది. లోకమంతా ఎండిపోతోంది కదండీ, మనమెంత." గట్టు చివరన కొండలో ఒక ఖాళీ చూపించింది. "అదే కనుమ. అక్కడ ఇంతవరకు వల లేదండి. ఉన్న మంచంతా అందులోంచి అవతలికి జారిపోతోంది. ఈ సాయంత్రం దానికీ వల కడతన్నాం. ఊరంతా వస్తది. మీ విహారంలో మూడోది అదే, మంచి రోజున వచ్చేరు."

"కట్టినా రాకపోతే?"

ఈసారి నవ్వలేదు. "తొట్టిలో ఎర్రగీత కనపడితే కిందనుంచి బస్సులొస్తాయండి. శిబిరాలకి పంచేస్తారు. ఇంటికి ఒకళ్ళు ఇటు, ఒకళ్ళు అటు. ఒకసారి ఊరు పోయినవాళ్ళం, అప్పుడు ఊరు మునిగింది గాని మనుషులు కలిసే ఉన్నారు. ఈసారి మనుషులే చెదిరిపోతారు. అది నా చేతిమీదగా జరగనివ్వనండి."

నేను రిత్విక్ గారివైపు తిరిగాను. "మీరెందుకు వద్దన్నారు?"

"కడుపుతో ఉన్నదాన్ని పట్టకూడదండి. మా తాత చెప్పేడు."

"మంచు కడుపుతో ఉంటుందా?"

"నాకేం తెలుసండి," అన్నాడు వలకన్ను బిగిస్తూ. "తెలీదు కాబట్టేగా ఓడిపోయేను."

ఓడిపోయినవాడు ఇంత మర్యాదగా ఒప్పుకోవడం నేను స్టాఫ్ మీటింగుల్లో ఎన్నడూ చూడలేదు.

తీసుకున్నవి: ఏమీ లేదు. అసలిక్కడ ఉంటే కదా.

నమోదు 3. రాతిపువ్వు బీడు

విహారంలో రెండోది. కనుమ దాటుకుని అవతలికి దిగాం. కనుమలో కొత్త స్తంభాలు నాటి ఉన్నాయి. వల చుట్టచుట్టి నేలమీద పడుకోబెట్టారు, మేకను మింగిన కొండచిలువలా ఉంది. నాంచారమ్మ దాన్ని దాటేటప్పుడు ఆటో ఆపి, దిగి, చేత్తో ఒకసారి తట్టింది. పెళ్ళికొడుకు గుర్రాన్ని తట్టినట్టు.

బీడు గురించి పర్యాటక పత్రం ఏమంటుందంటే: 'కనుచూపుమేర వెండిచాప. దక్కను పీఠభూమికంటే పాతదైన రాతిపువ్వు.' రాతిపువ్వు నాకు కొత్తకాదు. మసాలా డబ్బాలో ఉంటుంది. రాతిమీద పూసిన బూజులా కనిపిస్తుంది, నూనెలో పడితే వీధంతా ఆకలేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఇది పాడైపోయిందనుకుని పారేశాను, మా అత్తగారు ఆ సంగతి చివరిదాకా మరిచిపోలేదు.

వెండిచాప లేదు. బూడిద ఉంది.

ఒక రాయిమీది పొర గిల్లి నలిపాను. వాసన లేదు. వేళ్ళమధ్య ఇసకలా గరగరలాడింది.

"పర్యాటకులు తొక్కి పాడుచేసేరండి," అంది నాంచారమ్మ. "తాడు కట్టించేం. ఏం లాభం! మీరు చూస్తా ఉండండి, నేను కనుమలో స్తంభాల పని చూసి వస్తాను. ఎండ దిగేలోపు మిమ్మల్ని ఎక్కించుకుపోతాను."

ఆటో వెళ్ళిపోయింది. నేనూ, బూడిదా మిగిలాం.

తొక్కి పాడుచేశారన్నది నాకు రుచించలేదు. మనిషి ఎక్కలేని నిట్టనిలువు బండల మీద కూడా పొర చచ్చే ఉంది. పర్యాటకుల మీద నాకు మంచి అభిప్రాయం లేకపోయినా, గోడలెక్కి మరీ తొక్కుతారని అనను. తాడు దాటి నడిచాను. మరమోకాళ్ళు 'మీరు విహార మార్గం తప్పారు' అన్నాయి. మా ఇంట్లోవాళ్ళు కూడా అదే అంటారు.

నడిచి నడిచి ఒకచోట ఆగిపోయాను. బూడిద మధ్యలో ఒక పట్టీ. ఆకుపచ్చా వెండీ కలిసిన రంగు. ప్రాణంతో ఉంది. నలిపితే వాసన గుప్పుమంది, నా వంటిల్లే వచ్చి నిలబడినట్టు. ఆ పట్టీ ఎటువైపు పోతోందా అని తలెత్తి చూశాను. తిన్నగా కనుమకేసి పోతోంది. కనుమ దగ్గర ఎంత వెడల్పో ఇక్కడా అంతే వెడల్పు, చివర్న విసనకర్రలా కొంచెం విచ్చుకుంది. దానికి అటూ ఇటూ, ఎగువన వలలున్న మేర అంతా బూడిద.

అంటే కనుమలోంచి జారిపోతున్న మంచు ఇక్కడికి వస్తోంది. అది తాగి ఇది బతుకుతోంది. వలలు ఆపిన చోటల్లా చచ్చిపోయింది. ఇంతవరకు పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. పాపం రాతిపువ్వు, అని ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోవచ్చు.

కాని నేను ఆ పట్టీ పక్కనే కూర్చుని ఫ్లాస్కు తీశాను, మోకాళ్ళు వద్దన్నా. బండనీడలో ఉన్న రాతిపువ్వు రాత్రి తడితో ఇంకా మెత్తగా ఉంది. నీడ మెల్లగా జరిగింది. ఎండ పొరమీద పడింది. పొర ఎండి, ముడుచుకుని, చిట్లింది. చిట్లినచోటునుంచి పొగ లేచింది. పొగ కాదు, దుమ్ము. చుట్టపొగకంటే సన్నని దుమ్ము. దాని విత్తనమన్నమాట. అది నేలమీద వాలలేదు. పగటి గాలి ఇటువైపు పల్లంలోంచి పైకి వీస్తుంది కదా, ఆ గాలి దాన్ని ఎత్తుకుని కనుమ మీదుగా ఊరివైపు తీసుకుపోయింది.

మూతలో పోసుకున్న వేడినీళ్ళు నా చేతిలోనే చల్లారిపోయాయి.

గాలిలో ఆవిరి ఎంతైనా ఉండనివ్వండి, ఊరికే బొట్టు కట్టదు. కూర్చోడానికి దానికో పీట కావాలి. ఏదో ఒక నలుసు. పట్నాల్లో పొగా ధూళీ ఉంటాయి, పీటలకు కొదవలేదు. ఈ ఎత్తున గాలి కడిగిన పలకలా ఉంటుంది. ఇక్కడ పీటలు వేసేది ఈ బీడు ఒక్కటే. సాయంత్రం మంచు వచ్చి బీడును తడుపుతుంది, మర్నాడు బీడు దుమ్ము పంపుతుంది, ఆ దుమ్ము మీద మళ్ళీ సాయంత్రం మంచు కూర్చుంటుంది. ఎండాకాలం రెండు నెలలు వలలు దింపితే బీడు కడుపునిండా తాగి ఏడాదికి సరిపడా విత్తు పెట్టుకుంటుంది. పోయినేడు దానికి ఆ రెండు నెలలు దక్కలేదు.

ఆవిరి ఇప్పటికీ వస్తూనే ఉంది. అతిథి గుమ్మందాకా వచ్చి, పీట వేసేవాళ్ళు లేక తిరిగి వెళ్ళిపోతున్నాడు. ఈ సాయంత్రం కనుమకు వల కడితే ఈ ఆఖరి పట్టీ కూడా పోతుంది. తర్వాత ఎన్ని వలలు కట్టినా పట్టడానికి మంచుండదు.

మంచు గుడ్లు పెడుతుందా అని వెక్కిరించింది నేనే. పెడుతుంది. ఇదిగో, ఇక్కడే.

తీసుకున్నవి: రెండు చిటికెలు. రుమాలు ఒక కొసన చచ్చిన పొర, ఇంకో కొసన బతికిన దుమ్ము. తప్పే. జరిమానా తర్వాత మాట్లాడుకుందాం.

నమోదు 4. ఎక్కుతూ

ఆటో రాలేదు. వల పని మీద నన్ను మరిచిపోయి ఉంటుంది. నేనైనా మరిచిపోదును.

కనుమ దాకా ఎక్కుడే. సగం దారిలో మరమోకాళ్ళు 'బ్యాటరీ పొదుపు నిమిత్తం నడక నిలిపివేయబడుతుంది' అన్నాయి. విప్పి సంచికి కట్టుకున్నాను. ఇంతసేపూ అవి నన్ను మోశాయి, ఇప్పుడు నేను వాటిని మోస్తున్నాను. కాపురంలాగే ఉంది.

నా సొంత మోకాళ్ళు చాలాకాలం తర్వాత పనిలోకి వచ్చి, జీతం పెంచమని అరుస్తున్నాయి. పైన స్తంభాల దగ్గర జనం చీమల్లా కనిపిస్తున్నారు. నీడలు సాగుతున్నాయి. మాట్లాడటానికి ఊపిరి లేదు. ఇంతటితో చాలు.

నమోదు 5. కనుమ

నేను చేరేసరికి వల సగం లేచింది. ఊరంతా తాళ్ళు పట్టుకుని ఉంది. వెనకటి అలవాటు పోలేదు, ఒడ్డున నిలబడి సముద్రంలోంచి అలివి వల లాగుతున్నట్టే 'హైలెస్సా' అంటున్నారు. నాంచారమ్మ రాయి ఎక్కి నిలబడి అరుస్తోంది.

"ఆపండి!" అన్నాను. నా గొంతు వెనక బెంచీదాకా పోయే గొంతు. ఆగారు.

"అయ్యో మామ్మగారూ!" అని నాంచారమ్మ నాలుక కరుచుకుంది. "మిమ్మల్ని మరిచేపోయేను. నడిచొచ్చేసేరా?"

"ఎగిరొచ్చాను. ఆ వల దింపు. దింపాక తిట్టు."

దింపలేదు. తాళ్ళు అలాగే పట్టుకుని, ముసలావిడకు ఎండ తగిలిందేమో అన్నట్టు చూశారు. ఉపన్యాసం ఇస్తే లాభంలేదని నలభయ్యేళ్ళ ఉద్యోగం నేర్పింది. సంచిలోంచి సీసా తీశాను. ఫ్లాస్కులో మిగిలిన వేడినీళ్ళలోంచి రెండు గుక్కలు అందులో పోశాను. మూత బిగించి, రెండు చేతులతో గట్టిగా నొక్కి, వదిలాను.

"ఏం కనిపిస్తోంది?"

"సీసా అండి," అన్నాడొకడు. జనం నవ్వారు. ప్రతి క్లాసులోనూ వాడొకడుంటాడు.

"లోపల?"

"ఏం లేదు."

రుమాలు విప్పి చచ్చిన పొర పొడి నలుసంత వేశాను. అది నేరుగా నీళ్ళలో మునిగింది. నొక్కి, వదిలాను. ఏమీ లేదు. సీసా కడిగి, మళ్ళీ వేడినీళ్ళు పోసి, ఈసారి బతికిన దుమ్ము. అది నీళ్ళను తాకనే లేదు, సీసాలో తేలుతూ తిరిగింది. మూత పెట్టాను. నొక్కాను. వదిలాను.

సీసా నిండా తెల్లగా పొగమంచు.

హైలెస్సా అన్నవాళ్ళంతా మెడలు చాచారు. నొక్కితే మంచు మాయమవుతోంది, వదిలితే వస్తోంది. చేప మొప్పలు ఆడినట్టు. అప్పుడు చెప్పాను, బీడులో పట్టీ సంగతి, గాలి సంగతి, పీట సంగతి. గాజుపలక, నల్లబల్ల లేకుండా ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

నాంచారమ్మ రాయి దిగి వచ్చింది. ముఖం మాడిపోయి ఉంది. "సీసాలో చూపించేరు. సీసా ఊరు కాదండి. ఇప్పుడు వలలు దింపితే తొట్టిలో ఉన్నదే ఆధారం. ఆ బీడు లేవకపోతే? మీరు రేపు బస్సెక్కి పోతారు."

"పోతాను," అన్నాను. "లేస్తుందని రాసివ్వలేను. కాని పట్టీ బతికి ఉంది, విత్తనానికి అది చాలు. ఇది మాత్రం రాసిస్తాను: ఈ వల కడితే వారం పదిరోజులు నీకు నీళ్ళు బాగా వస్తాయి. నిన్ను ఊరంతా భుజాలమీద మోస్తారు. తర్వాత నీ గాడిలో నీ వేలు కూడా తడవదు."

"పోయినేడు అలాగే మోసేరు," అంది మెల్లగా.

"ఊఁ."

"ఈ సీసా నేను నొక్కచ్చా?"

ఇచ్చాను. నొక్కింది, వదిలింది. మంచు. దుమ్ము పారబోయించి, కడిగించి, తనే మళ్ళీ మొదటినుంచి చేసింది. ఉత్త నీళ్ళతో ఒకసారి, చచ్చినదానితో ఒకసారి, బతికినదానితో ఒకసారి. నా మాట మీద నమ్మకం లేక కాదు, నమ్మకం మీదే నమ్మకం లేక. పోయినేడు తన లెక్కను తను అంతే గట్టిగా నమ్మింది కదా. నా శిష్యుల్లో ఇలాంటిది ఒక్కతైనా ఉంటే నేను మరో పదేళ్ళు రిటైరై ఉండేదాన్ని కాదు.

సీసా నా చేతికిచ్చి, జనంలోకి చూసింది. వల అల్లే సూది చేతిలో పట్టుకుని రిత్విక్ గారు దూరంగా నిలబడి ఉన్నారు.

"తాతా," అంది. "దండోరా వెయ్యి."

ఆయన నావైపు తిరిగారు. "టీచరుగారూ, ఎవరికి చెబుతోందండి ఈ అమ్మాయి?"

"మీకే. ఇక్కడ ఇంకో తాత ఎవరూ ముందుకు రావడం లేదు."

"నీకే తాతా," అంది నాంచారమ్మ. తల దించలేదు. "నిషేధం ఎత్తేసింది నేనే. మళ్ళీ పెట్టేదీ నేనే. నోరు మాత్రం నీది కావాలి. నేను చెబితే, ఎత్తేసినదానివే కదా అంటారు."

ముసలాయన సూది చెవిమీద పెట్టుకున్నాడు.

"మూడో వల పైతాడు నిజంగానే వదులైందే," అన్నాడు, సూటిగా ఆమెతోనే. "పొద్దున్నుంచీ చెబుతున్నా."

"ఎలాగూ దింపుతున్నాంగా తాతా!"

"దింపేటప్పుడు జాగర్తని చెబుతున్నా."

అని గొంతు సవరించుకుని, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి కొండలు మారుమోగేలా అరిచాడు. "వినండహో! ఇవాళ్టినుంచి వేట బందు! వల తడవకూడదు, గాడి తడవకూడదు! తలస్నానాలు లేవు, చుట్టాలు లేరు! వినండహో!"

చుట్టాలు లేరన్నది నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. ఊరిని ఒప్పించినందుకు నాకు దక్కిన మొదటి ఫలితం, రేపు తొలి బస్సుకే నన్ను పంపించెయ్యడం.

తీసుకున్నవి: ఒక ఊరి రెండు నెలల నీళ్ళు. భయంగా ఉందా అని అడక్కండి. ఉంది. అయినా లెక్క సరైనదే.

నమోదు 6. కనుమలోనే, దీపాలవేళ

వలలన్నీ దింపేసరికి సూర్యుడు కొండవెనక్కి పోయాడు. కొండ వెన్ను బోసిగా, పళ్ళు తీసేసిన నోరులా ఉంది. ఎవరూ ఇళ్ళకు పోలేదు.

అప్పుడొచ్చింది మంచు. విహారంలో మూడోది ఇదే కదా, నేను సొమ్ము కట్టిన మూడోది. పలచగా, సిగ్గుపడుతున్నట్టు లోయలోంచి ఎక్కింది. మా పాదాలు కనపడకుండా పోయాయి, తర్వాత నడుములు. ఊరంతా మెడలదాకా మంచులో నిలబడి ఉంది, ఒక్క చెంబు ఎత్తినవాళ్ళు లేరు. దాహంతో ఉన్నవాళ్ళు నీళ్ళను దాటిపోనివ్వడం నేను ఇంతకుముందు చూడలేదు.

పిల్లలు మాత్రం నోళ్ళు తెరిచి నాలుకలు చాపారు.

"మూయండ్రా నోళ్ళు!" అన్నారు రిత్విక్ గారు. "అది వేటే!"

"ముక్కుతో పీలిస్తేనో తాతా?"

"ముక్కు మీద నిషేధం లేదు," అంది నాంచారమ్మ, వలపెద్ద హోదాలో.

మంచు మమ్మల్ని తడుముకుంటూ కనుమ దాటి, బీడులోకి చప్పుడు లేకుండా దిగిపోయింది.

నమోదు 7. తిరుగు ప్రయాణం, మర్నాడు పొద్దున

బస్సు దగ్గర తాతా మనవరాలూ ఇద్దరూ నిలబడి ఉన్నారు. నన్ను సాగనంపడానికి వచ్చారనుకుని పొంగిపోయాను.

"మామ్మగారూ, సంచిలో శాలువా ఉందండీ?" అంది నాంచారమ్మ.

"ఉంది."

"తడిగా ఉందా?"

ఉంది. నిన్న కప్పుకుని నిలబడితే మంచులో తడిసి బరువెక్కింది. ఆరిపోకుండా మడిచి, సంచి అడుగున చుట్టిపెట్టాను. దారిలో పిండుకుని ముఖం కడుక్కుందామని. ఈ ఊళ్ళో దిగినప్పటినుంచీ ముఖం కడగలేదు. ఈ సంగతి వీళ్ళకెలా తెలిసింది!

"ఉన్ని శాలువా మంచి వలండి," అన్నారు రిత్విక్ గారు. "నిషేధంలో పట్టిన చేప ఊరు దాటకూడదు. ఎక్కడిదక్కడ వదలాలి."

"మీ ఊరిని నిలబెట్టినదాన్ని నేను!"

"అందుకేగా మామ్మగారూ జరిమానా వెయ్యట్లేదు," అంది మనవరాలు. ఏడాది తర్వాత నోళ్ళు కలిసిన ఇద్దరూ, కలిసి నామీదే పడ్డారు. ఇంతకంటే మంచి వీడ్కోలు నాకెక్కడా దొరకలేదు.

కిందికి పోయే బస్సు బీడు అంచునుంచే పోతుంది. డ్రైవరును ఆపమన్నాను. గొణిగాడు. మరమోకాళ్ళు 'ఇది ఆమోదించిన మజిలీ కాదు' అన్నాయి. ఇద్దరి మాటా పట్టించుకోకుండా దిగాను.

పట్టీ అంచున, బూడిదా పచ్చా కలిసే చోట, శాలువా తీసి మెలిపెట్టి పిండాను. చారెడు నీళ్ళు. ఆ చారెడూ బూడిదరంగు పొర మీద పడ్డాయి. కాసేపు ఏమీ జరగలేదు. నేనూ ఏమీ జరుగుతుందనుకోలేదు, లేచిపోబోతున్నాను.

వాసన తగిలింది. లేత వాసన, ఇంకా నూనెలో పడని మసాలా వాసన. వంగి చూస్తే తడి పడినమేర బూడిద కింద గోరంత పచ్చదనం.

డ్రైవరు హారను కొడుతున్నాడు. కొట్టుకోనీ.

ఈ మజిలీలో ఏమైనా తీసుకున్నారా అని మోకాళ్ళు అడుగుతున్నాయి. లేదు. నాదగ్గరున్నది ఇచ్చేశాను. ముఖం ఇంటికెళ్ళి కడుక్కుంటాను.